టర్ఫ్ అంటే ఏమిటి? గడ్డి పెళ్ల నుంచి ప్లాస్టిక్ మైదానం దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

టర్ఫ్ అనే మాట మనకు ఒక్కో చోట ఒక్కోలా తగులుతుంది. ఫ్రెండ్స్ ఫోన్ చేసి "సాయంత్రం టర్ఫ్ బుక్ చేశాం, వచ్చెయ్" అంటారు. క్రికెట్ కామెంటరీలో "టర్ఫ్ వికెట్" అని వినిపిస్తుంది. ఇంగ్లీష్ పేపర్ తీస్తే రెండు ఆఫీసుల మధ్య "టర్ఫ్ వార్" అని హెడ్డింగ్ ఉంటుంది. ఐర్లాండ్ గురించి చదువుతుంటే ఎవరో చలికాచుకోవడానికి పొయ్యిలో టర్ఫ్ వేస్తారు. ఇన్నిటికీ ఒకే మాట ఎలా సరిపోయిందన్నది నన్ను చాలాకాలం వెంటాడిన ప్రశ్న. ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్లు, అనువాదం చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

టర్ఫ్ అంటే గడ్డి అని రాసేస్తే తప్పా?

సగం తప్పు. గడ్డి అంటే మొక్క. టర్ఫ్ అంటే ఆ మొక్క, దాని వేళ్లు, ఆ వేళ్లు అల్లుకుని పట్టుకున్న పైపైన మట్టి, ఈ మూడూ కలిసిన పొర. ఒత్తుగా పెరిగిన పచ్చిక కింద పార దూర్చి ఎత్తితే అది చాపలా లేచి వస్తుంది. అదీ టర్ఫ్. నాలుగు గడ్డిపోచలు పీకితే చేతిలో ఉండేది గడ్డే తప్ప టర్ఫ్ కాదు.

అలా కోసి తీసిన ముక్కను కూడా ఇంగ్లీషులో 'ఎ టర్ఫ్' అంటారు. మట్టి పెళ్ల అన్నట్టే దీన్ని తెలుగులో గడ్డి పెళ్ల అనొచ్చు. ఈ పెళ్లను మనసులో పెట్టుకుంటే కింద వచ్చే అర్థాల్లో చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి. ఆకుపచ్చ రంగును పట్టుకుని వెళ్తే మాత్రం దారి తప్పుతాం.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పాత ఇంగ్లీషులోనూ ఇది టర్ఫే. వెయ్యేళ్లు దాటినా రూపం పెద్దగా మారలేదు. జర్మన్‌లో దీని చుట్టం 'టోర్ఫ్'. అయితే అక్కడ దానికి అర్థం పచ్చిక కాదు, బురద నేలల్లో తవ్వి ఎండబెట్టి కాల్చుకునే పీట్ మట్టి. డచ్‌లోనూ అంతే.

మనల్ని ఆశ్చర్యపరిచే చుట్టం ఇంకొకటి ఉంది. సంస్కృతంలోని దర్భ. ఇంగ్లీషు, సంస్కృతం రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానివి కాబట్టి భాషా శాస్త్రవేత్తలు ఈ రెండు మాటలనూ ఒకే మూలానికి చేరుస్తారు. సంస్కృతంలో 'ద' ఉన్నచోట ఇంగ్లీషులో 'ట' రావడం ఒక క్రమం. దశ అక్కడ టెన్ అయింది, ద్వి టూ అయింది, దంతం టూత్ అయింది. దర్భ, టర్ఫ్ కూడా ఆ వరసలోవే. తెలుగు వేరే కుటుంబపు భాషే అయినా దర్భను సంస్కృతం నుంచి తెచ్చుకుని సొంతం చేసుకుంది. అంటే టర్ఫ్ అనే మాటకు అన్న వరసయ్యే మాట ఒకటి మన నోట్లో ఎప్పటినుంచో నలుగుతోంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అలాగని టర్ఫ్‌ను దర్భ అని అనువదించకూడదు. దర్భ ఒక ప్రత్యేకమైన గడ్డి జాతి. మూలం ఒకటే అయినా ఇప్పటి అర్థాలు వేరు.

లాన్, మెడో, పాశ్చర్, సాడ్... వీటికీ టర్ఫ్‌కూ తేడా ఏమిటి?

లాన్ అంటే ఇంటి ముందో పార్కులోనో పెంచి, ఎప్పటికప్పుడు పొట్టిగా కత్తిరించే పచ్చిక స్థలం. మెడో అంటే ఎండుగడ్డి కోసం ఏపుగా పెరగనిచ్చే బయలు. పశువుల మేతకు వదిలేది పాశ్చర్. ఈ మూడూ స్థలాల పేర్లు. టర్ఫ్ స్థలం పేరు కాదు, ఆ స్థలం మీద పరుచుకున్న పొర పేరు. లాన్ వేయడానికి టర్ఫ్ కొంటారు. టర్ఫ్ వేయడానికి లాన్ కొనరు.

సాడ్ అన్నది ఇంచుమించు టర్ఫ్‌కు మారుపేరే. నర్సరీలో పెంచి, చాపలా చుట్టి అమ్మే పచ్చికను అమెరికాలో సాడ్ అంటారు, బ్రిటన్‌లో టర్ఫ్ అంటారు. అమెరికాలో ఉత్తినే టర్ఫ్ అంటే ఈమధ్య చాలామందికి ముందుగా కృత్రిమ మైదానమే తోస్తుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బ్రిటన్ వాడుకలో మనిషిని సాడ్ అంటే అది తిట్టు.

అలా చుట్టి అమ్మడం ఎలా కుదురుతుంది? మట్టి రాలిపోదా?

రాలదు, వేళ్లు పట్టుకుంటాయి. పచ్చిక గడ్డి జాతుల్లో చాలావాటికి మామూలు వేళ్లతో పాటు నేల మీద పాకే తీగలో, నేల లోపల అడ్డంగా సాగే కాండాలో ఉంటాయి. అవి ఒకదానిలో ఒకటి అల్లుకుని చాప నేసినట్టు బిగుసుకుంటాయి. రెండు మూడు సెంటీమీటర్ల మందాన కోసి తీసినా చిరగదు. పరిచేటప్పుడు గోడకు ఇటుకలు పేర్చినట్టు అతుకులు ఒకే వరసలో రాకుండా చూస్తారు. మొదటి రెండు మూడు వారాలు తడి ఆరనివ్వరు. ఈలోగా కింది మట్టిలోకి కొత్త వేళ్లు దిగుతాయి. కోసిన చుట్టలను ఎక్కువసేపు అలాగే వదిలేస్తే లోపల వేడెక్కి పసుపు పచ్చగా మారిపోతాయి, అందుకే తెచ్చిన రోజే పరిచేయమంటారు.

ఈ బలం చూసే మనుషులు టర్ఫ్‌తో ఇళ్లు కూడా కట్టుకున్నారు. కలప కరువైన ఐస్‌లాండ్‌లో శతాబ్దాల పాటు రాళ్ల పునాది మీద టర్ఫ్ పెళ్లలు పేర్చి గోడలు లేపారు. నార్వేలో ఇంటి కప్పు మీద ముందు బర్చ్ చెట్టు బెరడు పరిచి, దాని మీద టర్ఫ్ కప్పేవారు. బెరడు నీటిని ఆపుతుంది, టర్ఫ్ బరువుకు బెరడు కదలదు, లోపలి వెచ్చదనం బయటికి పోదు.

మేం ఆడే టర్ఫ్‌లో ఒక్క గడ్డిపోచ కూడా లేదు. అంతా ప్లాస్టిక్. దాన్నెందుకు టర్ఫ్ అంటున్నాం?

దీని వెనక ఒక పైకప్పు కథ ఉంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో ఆస్ట్రోడోమ్ అనే స్టేడియం తెరిచారు. మైదానం మొత్తానికీ కప్పు వేసిన బేస్‌బాల్ స్టేడియం అది. లోపల సహజమైన గడ్డే పెంచారు. ఎండ తగలాలని కప్పుకు పారదర్శకమైన పలకలు పెట్టారు. ఆట మొదలయ్యాక చిక్కొచ్చింది. పైకి లేచిన బంతి ఆ పలకల మెరుపులో ఆటగాళ్లకు కనబడలేదు. దాంతో పలకలకు రంగు వేశారు. బంతి కనబడింది కానీ ఎండ లేక గడ్డి చచ్చిపోయింది. ఆ సీజన్ మిగతా ఆటలు ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు పూసి ఆడించారు.

అప్పటికే మోన్‌శాంటో కంపెనీ కెమ్‌గ్రాస్ పేరుతో ఒక కృత్రిమ పచ్చిక తయారు చేసింది. 1966లో దాన్ని తెచ్చి ఆస్ట్రోడోమ్‌లో పరిచారు. ఆ స్టేడియం పేరు మీదే దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది. తర్వాత ఎన్ని కంపెనీలు వచ్చినా జనం నోట్లో ఆ పేరే నిలిచి, క్రమంగా ముందు భాగం ఊడిపోయి టర్ఫ్ మిగిలింది. ఇప్పుడు మీరు బుక్ చేసుకునే వల కట్టిన మైదానం పేరు ఆ తోక ముక్కే. నైలాన్ పోయి మెత్తని పాలిథిలిన్ పోగులు వచ్చాయి, వాటి మధ్య ఇసుక, రబ్బరు గింజలు నింపుతున్నారు. పేరు మాత్రం మారలేదు.

దీన్ని తప్పు వాడుక అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చుట్టగా వచ్చి, పరిస్తే నేలకు పైపొరగా అమరేది అన్న అర్థంలో అది టర్ఫ్ పనే చేస్తోంది. ప్రాణం మాత్రం లేదు. ఎండలో సహజ పచ్చిక కంటే చాలా ఎక్కువ వేడెక్కడానికి అదీ ఒక కారణం. బతికున్న గడ్డి ఆకుల నుంచి నీటి ఆవిరి వదిలి చల్లబడుతుంది, ప్లాస్టిక్‌కు ఆ దారి లేదు.

మరి క్రికెట్‌లో టర్ఫ్ వికెట్ అంటే ప్లాస్టిక్ పిచ్చా?

కాదు, సరిగ్గా తలకిందులు. టర్ఫ్ వికెట్ అంటే మట్టితో, గడ్డి వేళ్లతో, రోలర్ తిప్పి తయారు చేసిన సహజమైన పిచ్. దానికి ఎదురుగా నిలిచేవి మ్యాటింగ్ వికెట్, సిమెంట్ వికెట్, కృత్రిమ వికెట్. గడ్డి పూర్తిగా గొరిగేసి, పైకి బూడిద రంగులో కనిపించినా అది టర్ఫ్ వికెట్టే. కింద వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. ఆ పట్టు సడలితే పగుళ్లు తేలతాయి, బంతి తిరుగుతుంది.

ఇలా ఒకే మాట పెద్దవాళ్ల క్రికెట్ ముచ్చట్లలో అసలు నేలకూ, కుర్రాళ్ల వాడుకలో నకిలీ పచ్చికకూ చెల్లుతోంది. "టర్ఫ్ మీద ఆడాను" అని తాతయ్యా మనవడూ ఇద్దరూ అంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు, చెబుతున్నది మాత్రం ఒకటి కాదు. అనువదించేటప్పుడు మాట్లాడేవాళ్ల వయసు, ఆట రెండూ చూసుకోవాలి.

హాకీ సంగతేమిటి?

హాకీలో టర్ఫ్ అంటే దాదాపు ఎప్పుడూ కృత్రిమమే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి హాకీని కృత్రిమ మైదానం మీద ఆడించారు. ఆట వేగమే మారిపోయింది. ఫుట్‌బాల్ మాత్రం ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదు. 2015 మహిళల ప్రపంచ కప్‌ను కెనడాలో కృత్రిమ టర్ఫ్ మీద పెడుతున్నారని పేరున్న క్రీడాకారిణులు ముందు ఏడాదే ఫిర్యాదు చేశారు. పురుషుల ప్రపంచ కప్‌కు గడ్డి, మాకు ప్లాస్టిక్కా అన్నది వాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న అనే నేను అనుకుంటున్నాను.

గుర్రప్పందేల క్లబ్బులను టర్ఫ్ క్లబ్ అని ఎందుకంటారు?

ఇంగ్లండ్‌లో గుర్రాలు పరిగెత్తేది పచ్చిక మీద. అందుకే 'ద టర్ఫ్' అంటే మొత్తం పందేల ప్రపంచమే అయిపోయింది. తెర అంటే సినిమా, రంగస్థలం అంటే నాటకం అయినట్టు. ముందు 'ద' ఉందో లేదో చూడండి. 'హి లవ్స్ ద టర్ఫ్' అంటే తోటపని ఇష్టమని కాదు, పందేలంటే ప్రాణమని.

అమెరికా పందేల వార్తల్లో అర్థం మళ్లీ ఇరుకవుతుంది. అక్కడ టర్ఫ్ అంటే పచ్చిక ట్రాక్, డర్ట్ అంటే మట్టి ట్రాక్. 1780లో మొదలైన ఎప్సమ్ డెర్బీ టర్ఫ్ మీద జరుగుతుంది, 1875లో మొదలైన కెంటకీ డెర్బీ డర్ట్ మీద. బ్రిటన్‌లో కనిపించే 'టర్ఫ్ అకౌంటెంట్' బోర్డు చూసి లెక్కలు రాసే గుమాస్తా అనుకోకండి. పందేలు కట్టించుకునే బుకీకి అది గౌరవంగా పెట్టుకున్న పేరు.

'హోమ్ టర్ఫ్', 'టర్ఫ్ వార్' అన్నప్పుడు గడ్డి ఎక్కడుంది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే జవాబు తెలుగులోనే ఉంది. మనం "సొంత గడ్డ మీద ఓడిపోయారు" అంటాం. "తెలుగు గడ్డ" అంటాం. గడ్డ అంటే అసలు మట్టి ముద్ద. ఆ ముద్దే ప్రాంతమైంది, పుట్టిన నేలైంది. ఇంగ్లీషు గడ్డి పెళ్ల నడిచిన దారీ అదే. 'హోమ్ టర్ఫ్' అన్నచోట 'సొంత గడ్డ' అని రాస్తే దాన్ని మించిన అనువాదం ఉండదు.

చిన్న పెళ్ల పెద్ద నేలకు గుర్తుగా నిలవడం ఇంగ్లండ్‌లో చట్టంలోనే ఉండేది. మధ్యయుగంలో భూమి చేతులు మారేటప్పుడు, అమ్మేవాడు ఆ పొలంలోంచి ఒక టర్ఫ్ పెళ్లనో, ఒక కొమ్మనో తీసి సాక్షుల ఎదుట కొనేవాడి చేతిలో పెట్టేవాడు. ఆ పెళ్ల అందుకుంటే నేల అందుకున్నట్టే.

వీధి ముఠాల హద్దు అనే అర్థం మాత్రం అమెరికాలో 20వ శతాబ్దం మధ్యలో పుట్టిన వాడుక. దీనికి తెలుగులో అడ్డా, ఇలాకా రెండూ సరిపోతాయి. అక్కడి నుంచి అది ఆఫీసుల్లోకి వచ్చింది. ఒక పని నా శాఖదా నీ శాఖదా అని ఇద్దరు అధికారులు పట్టుబడితే అది టర్ఫ్ వార్. దీన్ని మాటకు మాటగా పచ్చిక పోరు అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ అందదు. ఆధిపత్య పోరు, లేదా పరిధి తగాదా అంటే చాలు. 'ప్రొటెక్టింగ్ హిజ్ టర్ఫ్' అంటే తన పరిధిలోకి ఎవరినీ రానివ్వకపోవడం.

ఆస్ట్రోటర్ఫింగ్ అని ఒక మాట కనిపించింది. మైదానం వేయడమేనా?

కాదు, ఇది రాజకీయాల, ప్రచారాల మాట. అర్థం కావాలంటే ముందు 'గ్రాస్‌రూట్స్' తెలియాలి. సామాన్య జనం లోంచి తమంతట తాముగా పుట్టిన ఉద్యమాన్ని గ్రాస్‌రూట్స్ ఉద్యమం అంటారు, అంటే గడ్డివేళ్ల దగ్గర నుంచి లేచింది. డబ్బున్న సంస్థ ఒకటి తెర వెనక ఉండి, జనమే అడుగుతున్నట్టు ఉత్తరాలు, సంతకాలు, పొగడ్తల రివ్యూలు పుట్టిస్తే? అది వేళ్లు లేని పచ్చిక, అంటే ఆస్ట్రోటర్ఫ్.

ఈ పోలికను ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికా సెనేటర్ లాయిడ్ బెంట్సన్. 1985లో ఆయన ఆఫీసుకు కుప్పలుగా ఉత్తరాలు వచ్చాయి. బీమా కంపెనీలకు మేలు చేసే పనికి జనం మద్దతు ఉన్నట్టు చూపడమే వాటి ఉద్దేశం. టెక్సస్ వాడికి అసలు గడ్డివేళ్లకూ ఆస్ట్రోటర్ఫ్‌కూ తేడా తెలుస్తుంది అన్న అర్థంలో ఆయన మాట్లాడారు. ఆస్ట్రోటర్ఫ్ పుట్టిన హ్యూస్టన్ కూడా టెక్సస్‌లోనే ఉంది కాబట్టి ఆ మాట ఇంకా బాగా అతికింది. తెలుగులో దీన్ని 'అద్దె జనాభిప్రాయం' అని రాయడం నాకు నచ్చుతుంది. 'కృత్రిమ ప్రజా ఉద్యమం' అన్నా తప్పు లేదు.

ఐర్లాండ్‌లో టర్ఫ్ కాలుస్తారట. పచ్చి గడ్డి ఎలా మండుతుంది?

అక్కడ టర్ఫ్ అంటే పచ్చిక కాదు, పీట్. నీరు నిలిచే బురద నేలల్లో నాచు, మొక్కలు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుని నల్లటి మెత్తటి పొరగా మారతాయి. ఏడాదికి పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరు. స్లేన్ అనే ప్రత్యేకమైన పారతో దాన్ని ఇటుకల్లా కోస్తారు. అప్పుడు అందులో సుమారు 90 శాతం నీరే. ముందు నేల మీద పరిచి, కొంచెం గట్టిపడ్డాక నాలుగైదు ముక్కలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి గాలికి ఆరనిస్తారు. పూర్తిగా ఆరాక అది వంటచెరకు.

ఐరిష్ కథలు అనువదించేవాళ్లు ఇక్కడే పొరబడతారు. 'ఆమె పొయ్యిలోకి ఇంకో టర్ఫ్ వేసింది' అన్న వాక్యంలో పచ్చిక, గడ్డి అనే మాటలు రాకూడదు. పీట్ ఇటుక అనో, ఎండిన మట్టి పిడక అనో రాయాలి. పిడక అంటే మనకు పేడ గుర్తొస్తుంది కాబట్టి ముందు 'మట్టి' తప్పనిసరి.

'టర్ఫ్ ఔట్' అంటే?

గెంటేయడం. బ్రిటన్‌లో మాట్లాడుకునే ఇంగ్లీషులో ఎక్కువ. 'దే టర్ఫ్‌డ్ హిమ్ ఔట్' అంటే వాణ్ని బయటికి గెంటేశారు. క్రియగా దీనికి ఇంకో సాదా అర్థమూ ఉంది, నేల మీద పచ్చిక పరచడం. ఆసుపత్రుల్లో డాక్టర్ల మధ్య వాడుకలో, తన దగ్గరున్న రోగిని ఇంకో విభాగానికి తోసేయడాన్ని టర్ఫింగ్ అంటారు. రోగి ముందు అనదగిన మాట కాదు.

బహువచనం టర్ఫ్సా, టర్వ్సా?

రెండూ సరైనవే. లీఫ్, లీవ్స్ అయినట్టు టర్ఫ్, టర్వ్స్ అవుతుంది. ఇది పాత పద్ధతి, బ్రిటన్‌లో ఇంకా వినబడుతుంది. టర్ఫ్స్ ఇప్పుడు మామూలు. కోసిన ముక్కలను లెక్కపెట్టేటప్పుడే బహువచనం కావాలి. మొత్తం పచ్చిక పొర అన్నప్పుడు నీళ్లు, ఇసుక లాగా లెక్కకు రాని పదం, కాబట్టి ముందు 'ఎ' పెట్టకూడదు.

ఎలా పలకాలి? నేను చెబితే 'టఫ్' అనుకుంటున్నారు.

టఫ్ అంటే కష్టం, గట్టి. అందులో అచ్చు పొట్టి. టర్ఫ్‌లో అచ్చు కొంచెం సాగుతుంది. అమెరికా వాళ్లు మధ్యలో 'ర' స్పష్టంగా పలుకుతారు, బ్రిటన్‌లో చాలామంది 'ర' మింగేసి అచ్చును సాగదీస్తారు. మనం 'ర' పలికితే తికమక రాదు. చివర 'ఫ' అన్నప్పుడు కింది పెదవి పై పళ్లకు తగలాలి, రెండు పెదవులూ కలిస్తే అది 'టర్ప్' అయిపోతుంది.

ఇంకా ఎక్కడైనా ఈ మాట తగులుతుందా?

మెనూ కార్డులో 'సర్ఫ్ అండ్ టర్ఫ్' అని ఉంటే సముద్రపు ఆహారం, మాంసం ఒకే పళ్లెంలో వస్తాయని. సర్ఫ్ అంటే కడలి అల, టర్ఫ్ అంటే పశువులు మేసే నేల. 'టర్ఫ్ టో' ఒక గాయం, కాలి బొటనవేలు మొదట్లో కీలు వెనక్కి విరిగినట్టు వంగి బెణకడం. గట్టి కృత్రిమ మైదానం మీద పల్చటి బూట్లతో ఆడేవాళ్లలో ఎక్కువగా చూసి ఆ పేరు పెట్టారు. మార్కెట్ సర్వేల్లో వచ్చే 'టర్ఫ్ అనాలిసిస్'కు మాత్రం పచ్చికతో ఏ సంబంధమూ లేదు. అది నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి చేసిన పేరు.

గరికను టర్ఫ్ అనొచ్చా?

ఒక్క గరిక పోచను అనకూడదు, గరిక అల్లుకున్న నేలను నిస్సందేహంగా అనొచ్చు. నిజానికి వేడి ప్రాంతాల మైదానాలకు ప్రపంచమంతటా ముందు ఎంచుకునే గడ్డి జాతుల్లో గరిక ఒకటి. నేల మీద తీగ పాకిస్తుంది, నేల లోపలా కాండం సాగిస్తుంది, తొక్కినా కోసినా మళ్లీ లేస్తుంది, ఎండను తట్టుకుంటుంది. చలి దేశాల్లో ఆ పని రై గడ్డి చేస్తుంది. వింబుల్డన్ కోర్టుల్లో 2001 నుంచి పూర్తిగా రై గడ్డే, ఆడేటప్పుడు దాని ఎత్తు 8 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు పుస్తకాల్లో గరికకు ఉన్న పేరు బెర్ముడా గ్రాస్. ఏదైనా గోల్ఫ్ మైదానం గురించో, స్టేడియం గురించో చదువుతూ 'బెర్ముడా టర్ఫ్' అన్న మాట దగ్గర ఆగిపోతే, అది ఏదో దీవి నుంచి తెచ్చిన వింత గడ్డి అనుకోకండి. మన కాలి కింద పాకే గరికే అది.